జరిమానాకు కిస్తులు

భూమిశిస్తును పంటల వెంబడి కిస్తులుగా కట్టించుకొన్న దేశంలో, తప్పు తావున బండి నిలిపినవాని జరిమానా మాత్రం ఒక్కసారిగా చెల్లాలి. ఎందుకు?

విశాఖపట్నం నుండి విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా కొండలూ అడవులూ దాటుకొని వచ్చే రైలు రాయపూర్ చేరుతుంది. స్టేషను నుండి ఊరిలోకి పోతే జయస్తంభ్ చౌక్ వస్తుంది. 1857 డిసెంబరు 10న సోనాఖాన్ జమీందారు వీర నారాయణ సింగ్‌ను ఉరితీసిన చోటుగా నగరం దీనిని స్మరిస్తుంది. కరవునాడు షావుకారు గిడ్డంగి తెరిపించి, ఆ ధాన్యాన్ని ఆకలిగొన్నవారికి పంచినందుకు మొదట చెరసాల పాలైన మనిషి ఆయన. ఈనాడు ఆ కూడలిలో నిలిచి చూస్తే కనిపించేది వాహనాల ఇరుకు. మాలవీయ రోడ్డు, దానిని ఆనుకొని గోల్ బజార్, ఆవల సదర్ బజార్. అన్నీ కాలినడకకూ ఎడ్లబండ్లకూ ఏర్పడిన పాత వీధులు. 2011 జనగణన నాటికే పది లక్షలు దాటిన నగరపు జనమంతా పండుగ వచ్చిందంటే ఈ వీధుల్లోనే కనిపిస్తారు. వాహనాలు నిలుపుకొనేందుకు కలెక్టరేటు వద్దా, జయస్తంభ్ చౌక్ సమీపానా అంతస్తుల భవనాలు లేచాయి. మంచిదే. కాని సరుకు దించవలసినవాడు మూడవ అంతస్తులో బండి పెట్టి, బస్తాను భుజాన వేసుకొని దుకాణం దాకా రాలేడు గదా!

అట్టి మనిషి నొకనిని ఊహించుకొందాం. అతనికి అప్పు మీద కొన్న ఒక ట్రాలీ ఆటో ఉన్నది. కిరాణా దుకాణం ముందు బండి ఆపి సరుకు దించి వచ్చేసరికి చక్రానికి పోలీసులు తాళం బిగించి ఉంటారు. లేదా తాళమేమీ ఉండదు. కొన్ని రోజుల తరువాత ఫోనులో ఒక సందేశం వస్తుంది. నెల తిరిగేసరికి తప్పు తావున నిలిపినందుకు రెండు, కూడలి వద్ద గీత దాటినందుకు ఒకటి, మరేదో కాగితం లేనందుకు ఇంకొకటి చేరి, అన్నీ కలిసి మూడు వేల రూపాయలైనాయనుకొందాం. 2024–25లో ఛత్తీస్‌గఢ్‌లో గ్రామీణ ఉపాధి హామీ పథకపు దినకూలి 243 రూపాయలు. అంటే ఆ మూడు వేలు పన్నెండు దినాల కూలిని మించిన మాట. బండివాడు కూలివానికంటె కొంత మెరుగుగానే సంపాదించవచ్చు. ఐనా అతని చేతికి డబ్బు రోజువారీగా వస్తుంది, రోజువారీగానే పోతుంది. నెలకు ఒకసారి జీతమందుకొనే మనకు మూడు వేలన్నది ఒక మొత్తం. అతనికి మూడు వేలు ఒక్కచోట కూడడమే ఒక సంఘటన.

అతడు కట్టడు. కట్టకూడదన్న పట్టుదల అతనికి లేదు. ఇవాళ డీజిలుకు కావాలి, రేపు బండి అప్పు వాయిదా కట్టాలి. చలానాలు పేరుకొంటాయి. ఒక దశ దాటిన తరువాత, ఎటూ తీర్చలేని బాకీకి ఇంకొకటి కలిసినా తేడా లేదన్న మొండితనం వస్తుంది. జరిమానా మనిషిని సరిదిద్దే శక్తిని కోల్పోయేది సరిగ్గా ఆ క్షణాననే.

అంకెలు పెరిగిన కథ

2019లో పార్లమెంటు మోటారు వాహనాల చట్టాన్ని సవరించింది. కొత్త జరిమానాలు ఆ యేడు సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చాయి. శిరస్త్రాణం లేకుండా నడిపితే నూరు రూపాయలున్నది వెయ్యి అయింది. లైసెన్సు లేకుండా నడిపితే ఐదు వందలకు బదులు ఐదు వేలు. ప్రత్యేకంగా శిక్ష చెప్పని చిన్న ఉల్లంఘనలకు వర్తించే 177వ సెక్షను కింద మొదటి తప్పుకు నూరు రూపాయల వరకున్న జరిమానా ఐదు వందల వరకూ, మళ్ళీ చేస్తే మూడు వందల నుండి పదిహేను వందల వరకూ పెరిగింది. రాకపోకలకు అడ్డంగా వాహనం నిలిపినందుకు 201వ సెక్షను గంటకు యాభై రూపాయలనేది; ఇప్పుడు ఐదు వందలంటున్నది. బండిని లాగించుకొనిపోయిన ఖర్చు దానికి అదనం.

ఈ అంకెలు చూచి జనం మాత్రమే గాక ప్రభుత్వాలు కూడా ఉలిక్కిపడ్డాయి. గుజరాత్ ఆ నెలలోనే అనేక మొత్తాలను తగ్గించి, శిరస్త్రాణపు జరిమానాను ఐదు వందలకు దించింది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, పశ్చిమ బెంగాల్, ఛత్తీస్‌గఢ్ వంటి రాష్ట్రాలు వెంటనే అమలు చేయడానికి వెనుదీశాయి. చర్చ అంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది: ఎంత? ఎట్లా కట్టాలన్న ప్రశ్నను ఎవరూ పెద్దగా తడవలేదు.

కట్టకుండా మిగిలిన చలానాలు కొండలైన తరువాత మన రాష్ట్రాలు కనిపెట్టిన ఉపాయం తగ్గింపు. తెలంగాణలో 2022 మార్చిలో పాత చలానాల మీద రాయితీ ప్రకటించారు. ద్విచక్ర వాహనదారుడు నాలుగింట ఒక వంతు కడితే చాలు, కారువాడు సగం, తోపుడు బండివాడు ఐదింట ఒక వంతు. జనం విరగబడి కట్టారు, గడువు ఏప్రిల్ 15 వరకు పొడిగించవలసి వచ్చింది. వందల కోట్ల రూపాయలు ఖజానాకు చేరాయి. 2023 డిసెంబరు 26న మళ్ళీ అదే ఏర్పాటు వచ్చింది. ఈసారి ద్విచక్ర వాహనదారునికి ఎనభై శాతం తగ్గింపు. గడువు పెరుగుతూ పెరుగుతూ 2024 ఫిబ్రవరి నడుమ దాకా సాగింది. బెంగుళూరులో 2023 ఫిబ్రవరిలో సగానికి సగం తగ్గించారు.

ఖజానా సంగతి ఏమైనా, ఇందులో నాకు మింగుడు పడనిది ఒకటున్నది. చలానా వచ్చిన మరునాడే వెళ్ళి వెయ్యి రూపాయలు కట్టిన గుమాస్తా పూర్తిగా వెయ్యీ పోగొట్టుకొన్నాడు. రెండేళ్ళు పట్టించుకోనివాడు రెండు వందల యాభైతో బయటపడ్డాడు. ఇంగ్లండులో వాహనాల నిలుపుదల జరిమానాను పద్నాలుగు దినాల లోపల కడితే సగం తగ్గిస్తారు. అక్కడ తగ్గింపు త్వరపడినవానికి, ఇక్కడ ఆలస్యం చేసినవానికి. పైగా, రెండుసార్లు రాయితీ చూచినవాడు మూడవదాని కోసం ఎదురుచూడడా?

కిస్తు అనే పాత మాట

రాయపూర్‌లో హిందీ మాట్లాడేవారు వాయిదా చెల్లింపును 'కిస్త్' అంటారు. అరబ్బీ నుండి పారశీకం ద్వారా వచ్చిన ఈ మాటకు భాగమని అర్థం. మనకిది పరాయి మాట కాదు. మద్రాసు రాష్ట్రపు రైత్వారీ గ్రామాలలో ఏటా జమాబందీ జరిగి ఎవరి శిస్తు ఎంతో తేలిన మీదట, దానిని కొన్ని నెలల కిస్తులుగా కట్టించుకొనేవారు. ఏ నెలలో ఎంత కట్టాలన్న ఏర్పాటుకు కిస్తుబందీ అని పేరు. కోతల కాలాన్ని బట్టి ఆ నెలలు నిర్ణయమయ్యేవి. దొరతనం వారి దయాగుణానికి దీనిని నిదర్శనంగా ఎవరూ చెప్పరు. పంట చేతికి రాకముందే నగదు కోరితే రైతు షావుకారు గుమ్మం ఎక్కుతాడు, మరుసటి ఏడు శిస్తే రాదు. ఆ లెక్క కరణానికి తెలుసు, కలెక్టరుకూ తెలుసు. రాబడి వచ్చే వేళకు వసూలును సరిపెట్టడం అనే ఆ ఇంగితం చలానా కాలానికి వచ్చేసరికి ఎక్కడ జారిపోయిందో!

తెలుగులో ఇంకొక చిత్రమున్నది. 'వాయిదా' అంటే చెల్లింపులో ఒక భాగమూ అవుతుంది, కోర్టులో పని ముందుకు జరగకుండా మరొక తేదీకి పోవడమూ అవుతుంది. అనువాదం చేసేటప్పుడు ఈ మాట వద్ద కలం ఆగుతుంది. ఒక అర్థంలో బాకీ కదులుతుంది, ఇంకొక అర్థంలో కదలదు. మన చలానాలకు ఇన్నాళ్ళూ దొరికినది రెండవ రకం వాయిదా. అమెరికావారు జరిమానా కాగితాన్ని 'టికెట్' అనడం కూడా అట్లే ఇబ్బంది పెడుతుంది. మనం టికెట్టు కొనేది సినిమాకూ రైలుకూ.

చికాగో నేర్చిన పాఠం

ఆ అమెరికాలోనే ఈ సమస్య ఎంత దూరం పోగలదో తెలిసివచ్చింది. చికాగో నగరంలో ప్రతి వాహనానికీ నగరపాలక సంస్థ ఇచ్చే ఒక చీటీని అద్దానికి అంటించాలి. అది లేకపోతే వేసే జరిమానాను 2012లో 120 డాలర్ల నుండి 200 డాలర్లకు పెంచారు. గడువు దాటితే ఆలస్య రుసుము, ఆపై వసూలు ఖర్చులు కలిసి ఆ 200 డాలర్లు 488 దాకా పోయేవి. కొన్ని చీటీలు పేరుకొంటే చక్రానికి తాళం, తరువాత బండి జప్తు, ఆనాటి నిబంధనల ప్రకారం లైసెన్సు రద్దు కూడా. బండి లేనిదే పనికి పోలేడు, పనికి పోనిదే బాకీ తీర్చలేడు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు!

2018లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ ఈ వ్యవహారాన్ని తవ్వి తీసింది. నగరానికి బాకీపడి, ప్రధానంగా ఈ చలానాల వల్ల, ఒక రకమైన దివాలా పిటిషను దాఖలు చేసినవారు 2007లో సుమారు వెయ్యి మంది అయితే 2017 నాటికి పది వేలు దాటారని తేల్చింది. వారిలో నల్లజాతివారి పేటలనుండి వచ్చినవారే ఎక్కువ. బండి నిలిపిన తప్పుకు మనిషి దివాలా తీయడమా అని పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. అసలు సంగతి దానికంటె ఆసక్తికరమైనది. చికాగోలో వాయిదాల పద్ధతి అంతకుముందే ఉన్నది! ఐతే అందులో చేరాలంటే ముందుగా ఒక పెద్ద మొత్తం చెల్లించాలి. దివాలా కోర్టుకు వెళితే ముందు చెల్లించనవసరం లేదు. పిటిషను వేస్తే బండి తిరిగి చేతికి వచ్చే వీలుండేది. కాబట్టి జనం నగరాన్ని వదలి న్యాయవాది దగ్గరకు పోయారు. మొదటి మెట్టు ఎక్కలేనంత ఎత్తుగా ఉన్న నిచ్చెన ఎవరికి పనికివస్తుంది?

2019లో చికాగో నగర మండలి ఆ మెట్టును తగ్గించి, వాయిదాల కాలాన్ని పెంచింది. 2020 జులై నుండి ఇలినాయ్ రాష్ట్రంలో నిలుపుదల జరిమానా కట్టలేదన్న కారణాన లైసెన్సు తీసివేయడం ఆగిపోయింది. కాలిఫోర్నియా రాష్ట్రం ఇంకా ముందే, 2018 జులై 1 నుండి, ఇట్లా చట్టం చేసింది: నిలుపుదల చలానా బాకీ ఉన్నదని వాహన రిజిస్ట్రేషను పునరుద్ధరణను ఆపించదలచిన నగరం, బీదవానికి మొదట వాయిదాల సౌకర్యం చూపాలి. నెలకు కట్టవలసినది ఇరవై ఐదు డాలర్లకు మించరాదు. ఆలస్య రుసుములను మాఫీ చేయాలి. అసలు జరిమానా మాత్రం అట్లాగే నిలుస్తుంది. నాకు నచ్చినది ఈ చివరి మాట.

వాయిదాలిస్తే శిక్షలోని చురుకు పోతుందని ఆక్షేపించేవారున్నారు. వారి మాట తోసిపుచ్చవలసినది కాదు. ఐదు వందలు ఒక్కసారి పోతే కలిగే నొప్పి, నెలకు నూట యాభై చొప్పున పోతే కలగదు. ఐతే ఈ వాదం కారు దిగి నగల దుకాణంలోకి పోయిన మనిషికి సంబంధించినది. అతనికి ఐదు వందలన్నది నొప్పే కాదు. నిలుపుదల రుసుముగా భావించి కట్టిపారేస్తాడు. ఫిన్లాండు దేశంవారు 1921 నుండి చాలా నేరాలకు జరిమానాను మనిషి ఆదాయాన్ని బట్టి లెక్కకడుతున్నారు. 2002లో నోకియా సంస్థ ఉన్నతోద్యోగి ఒకరికి, యాభై కిలోమీటర్ల హద్దున్నచోట డెబ్బై ఐదుతో మోటారు సైకిలు నడిపినందుకు, లక్షా పదహారు వేల యూరోలు విధించి లోకాన్ని నివ్వెరపరిచారు. తరువాత అది బాగా తగ్గిందనుకోండి. వాహనాల నిలుపుదలకు మాత్రం వారు కూడా ఆ లెక్క వేయక, అందరికీ ఒకే మొత్తం పెట్టుకొన్నారు. బజారు వీధిలో నిలబడి ఆదాయాలు కొలవడం ఎవరి తరం? కాబట్టి మొత్తం ఒక్కటిగానే ఉండనిచ్చి, కట్టే తీరును సడలించడమే ఉన్నవాటిలో తేలికైన న్యాయం.

మెకాలే మరచిపోని సంగతి

మనదేశంలో వాయిదాలకు చట్టం లేదనుకోవడం పొరపాటు. సాహిత్య విద్యార్థులకు వ్యాసకర్తగా తెలిసిన మెకాలే 1837లో సిద్ధం చేసిన ముసాయిదా, 1860లో భారత శిక్షాస్మృతి అయింది. అందులో 63వ సెక్షను, మొత్తం పేర్కొనని చోట జరిమానాకు హద్దు లేకపోయినా అది మితిమీరరాదని చెప్పింది. 69వ సెక్షను ఇంకా ముందుకు వెళ్ళింది. జరిమానా కట్టలేక జైలుకు పోయినవాడు అందులో కొంత భాగం చెల్లిస్తే, ఆ మేరకు జైలు కాలం తగ్గుతుంది. దానికి ఉదాహరణ కూడా అక్కడే ఉన్నది: నూరు రూపాయల జరిమానా, కట్టకపోతే నాలుగు నెలల ఖైదు. మొదటి నెల ముగిసేలోగా డెబ్బై ఐదు రూపాయలు ముట్టితే, ఆ నెల పూర్తికాగానే విడుదల. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ 8వ సెక్షను ఈ సూత్రాన్ని నిలుపుకొన్నది. అంటే జైలు గోడల లోపల మనిషి కట్టిన పాతిక కూడా లెక్కకు వస్తుంది. చలానా చెల్లించే కిటికీ వద్ద రాదు.

క్రిమినల్ విచారణ స్మృతిలో దీనికి తోడు మరొక ఏర్పాటున్నది. 1973 నాటి స్మృతిలో 424వ సెక్షను, ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 464వది. కేవలం జరిమానా విధించి, అది కట్టకపోతే ఖైదు అని తీర్పు చెప్పినప్పుడు, ముద్దాయి వెంటనే కట్టలేకపోతే న్యాయస్థానం రెండు దారులు చూపవచ్చు. ముప్పై దినాలకు మించని గడువు ఇవ్వడం ఒకటి. రెండు లేక మూడు కిస్తులుగా కట్టనివ్వడం మరొకటి: మొదటిది ముప్పై దినాల లోపల, తక్కినవి ముప్పై దినాలకు మించని ఎడంతో. ముద్దాయి పూచీకత్తు రాసి ఇవ్వాలి. చివరి తేదీకి కూడా కట్టకపోతే జైలుశిక్ష వెంటనే అమలు చేయమని ఆదేశించవచ్చు. దయా, బిగువూ రెండూ ఉన్నాయి ఇందులో.

చిక్కు ఎక్కడంటే, ఈ సెక్షను మేజిస్ట్రేటు తీర్పు తరువాతనే పలుకుతుంది. రోడ్డు మీదా ఫోనులోనూ వచ్చే చలానాను పోలీసు వద్ద కట్టడమంటే శిక్షను అనుభవించడం కాదు, చట్టం దృష్టిలో అది ఒక రాజీ. 200వ సెక్షను కింద ఆ రాజీ మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటనతో నిర్ణయిస్తుంది. కట్టనివాని చలానా కోర్టుకు పోతుంది. 2019లో ఢిల్లీతో మొదలై ఛత్తీస్‌గఢ్‌తో సహా పలు రాష్ట్రాలకు విస్తరించిన దృశ్య న్యాయస్థానాలలో ముద్దాయి గుమ్మం ఎక్కకుండానే జరిమానా తేలుతుంది. సౌకర్యమే. కాని గుమ్మం ఎక్కనివానికి, 'అయ్యా, మూడు కిస్తులివ్వండి' అని నోరు తెరిచి అడిగే అవకాశం కూడా ఉండదు గదా.

కొత్త దారి వేయడానికి ఛత్తీస్‌గఢ్ వెనుకాడే రాష్ట్రం కాదు. 2020 జులై 11న, కరోనా కాలంలో, దేశంలోనే మొదటి రాష్ట్రవ్యాప్త ఈ-లోక్ అదాలత్‌ను బిలాస్‌పూర్‌లోని హైకోర్టు ఆధ్వర్యాన అక్కడే నడిపారు. లోక్ అదాలత్‌లో రాజీకి వీలైన చలానాలూ వస్తాయి, బ్యాంకు బకాయిలూ వస్తాయి. లక్ష బాకీపడినవాని రాజీపత్రంలో వాయిదాలు రాయడం పరిపాటి. పక్క బల్ల మీద మూడు వేల చలానాకు మొత్తం తగ్గిస్తారేగాని భాగాలు చేయాలన్న ఊహ రాదు. తగ్గింపు ఉత్తర్వుల మీద సంతకం చేయగలిగిన ప్రభుత్వ కలానికి, 'నాలుగు నెలలలో, మొత్తం తగ్గించకుండా' అన్న మాట రాయడం కష్టమైన పనియేమీ కాదని నా అభిప్రాయం. ఆలస్య వాయిదాలను గుర్తుచేయడానికి పాత కాలంలో వలె తలారి ఇంటింటికీ తిరగనవసరం లేదు. చలానా పంపిన ఫోనే ఆ పనీ చేస్తుంది. చికాగో చేసిన పొరపాటు మాత్రం మనం చేయరాదు: మొదటి కిస్తు తక్కినవాటికంటె పెద్దదిగా ఉండకూడదు. అది కట్టిన నాడే బండి తాళం ఊడాలి.

అంతవరకు, చలానా కోర్టుకు చేరినవాడు 464వ సెక్షను పేరు చెప్పి కిస్తులు కోరుతూ మేజిస్ట్రేటుకు విజ్ఞాపన పెట్టుకోవచ్చు. ఇచ్చుటా మానుటా న్యాయస్థానం విచక్షణ. విజ్ఞాపన రాయించుకోలేనివారి కోసం ప్రతి జిల్లాలోనూ న్యాయసేవల అధికార సంస్థ ఉన్నది. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి, రాష్ట్రం నిర్ణయించిన ఆదాయ పరిమితికి లోబడినవారికి అక్కడ ఉచితంగా న్యాయవాది సహాయం లభిస్తుంది. జాతీయ సంస్థ టెలిఫోను సంఖ్య 15100.